బూర మోగినాక

ఉదయగిరిలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలకు సైన్స్ షో ముగించుకొని ఇద్దరూ ఆత్మకూరు బస్సెక్కారు. షో చేసింది ఆయన. లోపాలుంటే చెప్పమని ఆయనే వెంటబెట్టుకొచ్చిన టీచరమ్మ, షో జరిగినంతసేపూ పిల్లల మొహాలే చూస్తూ కూర్చుంది.

"ఎట్టుండాదమ్మా? మొహమాటం లేకుండా చెప్పు."

"పిల్లోళ్ళు బాగా నవ్వినారన్నా."

"అదే గదా కావాల్సింది!"

"కమలాపండు నీళ్ళలో తేలింది. తొక్క తీసి వేస్తే ఏమయిద్దని అడిగినావు. పచ్చగౌను పాప తేలుద్దనింది. నువ్వు పోంయ్‌మని బూర ఊదినావు."

"తొక్క తీస్తే మునిగిద్ది గదా. తప్పు చెప్తే బూర. ఏ ఊళ్ళో అయినా నవ్వేది దానికే. అది తీసేస్తే నా షోలో ఏముండాది?"

"ఆ తర్వాత అందరూ పక్కన నిలబడిన హెడ్‌మాస్టర్ మొహంలో జవాబు చూసుకొని చేతులెత్తినారు."

"అన్నీ కరెక్టుగా చెప్పినారు గదా."

"చెప్పినారు. ఆ పాప మాత్రం మళ్ళీ చెయ్యెత్తలా."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఆ నవ్వుల మధ్య తనకెంత హాయిగా ఉండిందో గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు సిగ్గేసింది.

"ఎందుకు తేలుద్దనుకుందో?"

"షో అయినాక అడిగినా. తొక్క తీస్తే బరువు తగ్గిద్ది గదా టీచర్ అనింది."

"బాగా ఆలోచించిందే! నాతో అనలేదే?"

"బూర మోగినాక ఎవురంటారన్నా?"

ఆయన సంచిలో పైకి కనిపిస్తున్న బూరను అడుక్కి తోశాడు.

"మళ్ళీ ఆ బడికే పోదాం. ఈసారి బూర వద్దు. ఎందుకనుకుంటున్నారో అడుగుతా."

"నవ్వరేమోనన్నా."

"నవ్వకపోనీ. ఆ పాప చెయ్యెత్తుద్దంటావా?"

"తెలీదన్నా. పోయి చూడాల."