దొరసామి రక్తం చెప్పిన మాట

ఏమ్మా లోహితా, తిరపతిలో రక్తపరీక్షల కోర్సులో చేరినావంటనే? లివరు పరీక్ష కూడా నేర్పిస్తారా? ఆ... అట్లయితే కూర్చో, మీ తాత దొరసామి సంగతి నీకు చెప్పాల. నువ్వింకా పుట్టలా అప్పటికి. ఏం తాగేవాడమ్మా! పాకాల స్టేషన్లో కూలిపని ముగిసిందంటే కాళ్లు నేరుగా సారాయంగడికే. మనసు మాత్రం వెన్న. తాగినాక దోవలో కుక్క పండుకోనుంటే దానికి దణ్ణం పెట్టి, "కొంచెం జరుగు నాయనా" అనేవాడు. నవ్వుతావేంది, నిజం.

కార్తీకం వచ్చిందంటే నా దగ్గరికొచ్చి అయ్యప్ప మాలేసుకుంటాడు. నేనే గురుసామిని. మాల మెడలో ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టడు. దించేముందర ల్యాబుకు పోయి రక్తమిస్తాడు. లివరు చెడితే రక్తంలో పెరిగేది బిలిరుబిన్, అది బాగుండాదని కాగితమొస్తాది. దాన్ని జోబిలో పెట్టుకోని వీధంతా తిరుగుతాడు, "సూడండప్పా, నా లివరు ఇనప్పెట్టె!" అని. కొండకు పోయొచ్చినాక మళ్లీ మామూలే. తాగే నెలల్లో ఒక్కతూరి కూడా పరీక్ష చేయించుకోలా. మేమూ ఆ కాగితాన్నే నమ్మినాం. మీ అవ్వ శకుంతలమ్మకైతే ఆ మండలమే పండగ. "భిక్షకు రా సామీ" అని సొంత మొగుణ్ణి పిలుస్తా సిగ్గుపడేది, కొత్త పెండ్లికూతురు మాదిరి.

ఆ... యాడున్నాం? ఆ యేడు మాలేసిన కొత్తల్లోనే వాడి కండ్లు పచ్చబడినాయి. పరీక్ష చేయిస్తే బిలిరుబిన్ యాడికో పైకి పోయింది. ఇంకేముంది, రెండు మూడు వారాలు భజనలో అవే గుసగుసలు. "మాలలో ఉండి తాగతా ఉండాడు గురుసామీ, తీయించు మాల" అని నామీద పడినారు. ఇన్నేండ్లూ వాడి తరపున సాక్ష్యం చెప్పింది ఆ కాగితమే కదా, అదే ఇప్పుడు తిరగబడింది. మీ అవ్వ ఊరుకుంటాదా! భజన మధ్యలోకొచ్చి, "ఆ నోటి వాసన నాకు తెలీదా? తాగలా నా మొగుడు!" అనేసి, మా ఇద్దర్నీ తిరపతికి డాక్టరు దగ్గరికి లాక్కపోయింది.

ఆ డాక్టరు మళ్లీ రక్తం తీయించి చూసి చెప్పినాడు. "అమ్మా, దీన్ని జీజీటీ అంటారు. తాగేవాళ్లకు పెరుగుతుంది, మానేస్తే దిగుతుంది. కళ్లు పచ్చబడ్డప్పటి కాగితంలో కంటే ఇప్పుడు బాగా దిగింది. ఈయన మానేసిన మాట నిజమే" అన్నాడు. మళ్లీ కాగితం చూసి, "బిలిరుబిన్ మాత్రం దిగలేదు. లివరు గట్టిపడిపోయింది. ఇంక మానేసినా అది బాగుపడేది కష్టం" అన్నాడు.

మీ అవ్వ మొదటి మాట దగ్గరే ఆగిపోయింది తల్లీ. "విన్నావా గురుసామీ, తాగలేదంట!" అని ఏడస్తా నవ్వతా బయటికి పోయి, బెంచీమీద కూర్చున్నోళ్లందరికీ చెప్తా ఉండాది. వాడు రెండు మాటలూ విన్నాడు. డాక్టరు ఆయమ్మను మళ్లీ పిలవబోతే చెయ్యడ్డం పెట్టినాడు. "ఈపొద్దుకు వద్దు సార్. నా గురించి అది తలెత్తుకోని మాట్లాడింది ఇదే మొదులు. ఇంటికి పొయ్యేదాకన్నా ఉండనీయండి."

రైల్లో పాకాల దాకా చెప్తానే వచ్చింది ఆయమ్మ, ఎదురుగా కూర్చున్న ఎవురెవురికో. వాడు ఆయమ్మనే చూస్తా కూర్చున్నాడు. ఆ యేడు కొండకు రాలేదమ్మా వాడు, అంతలోనే...

కాపీ తాగుతావా? పాలుండాయో లేదో చూస్తానుండు.