బోటు ఆయిలు

“పైడిరాజూ, నా బండిని సంపేసినావు కదరా!”

వన్ టౌన్‌లోని మెకానిక్ షెడ్డులో, ఇంజిన్ పట్టేసిన పాత పికప్ వ్యాను ముందు నిలబడి, దాన్ని నడిపే బావమరిది మీద బావ అరుస్తున్నాడు.

“నానేటి సేసేను బావా?”

“ఆయిలు ఎప్పుడు మార్సినావ్?”

“మార్సడమెందుకు? తగ్గినప్పుడల్లా పోత్తన్నాను కదా.”

“మాడిన నూనిలోనే మళ్లీ నూని పోసి బజ్జీలేసినట్టుంది నీ యవ్వారం. ఇంతకీ ఏటి పోసినావ్?”

“బోటు ఇంజిన్ల్లోంచి తీసేసిన ఆయిలు. హార్బర్‌లో ఊరికినే ఇత్తారు.”

“ఊరికినే ఇత్తే నువ్వు తాగుతావేట్రా? మరి ఆయిలుకని నా కాడ పట్టికెళ్లిన డబ్బులేటయ్యాయి?”

“దసరాకి బండి పూజ సేయించాను కదా! పూలదండలు, గుమ్మడికాయ, టైర్ల కింద నిమ్మకాయలు. గ్రాండుగా సేసేనని నువ్వే మెచ్చుకున్నావు.”

“ఆ నిమ్మకాయలు ఇంజిన్లో పిండీవలసింది! తుక్కుకి అమ్మేసుకోమంతన్నాడు మెకానిక్.”

“పోనీ బావా, ఎలాగూ పాత బండే. ఇంకోటి కొందాం.”

“ఏటమ్మి కొంటాన్రా? ఈ పాతదాన్ని ఏటమ్మి కొన్నానో మీ అక్కనడుగు. ఎలమంచిలిలో మా అయ్య నాకిచ్చిన కొబ్బరితోట. ముప్పై రెండు సెంట్లు.”