ఓడెక్కితేగానీ పుట్టని ప్రేమ

ఏదీ, ఇలా తిరుగు. ఏం రాసుందే ఆ చొక్కా మీద? అద్దాలు లోపలున్నాయి, నువ్వే చదివి చెప్పు. "గోవా అంటే నాకు ప్రాణం"... ఓసి నీ మొహం మండా! ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, రోజూ పణజి బస్సెక్కి ఉద్యోగానికి పోయొచ్చేదానివి, ఈ ముక్క రొమ్ము మీద అచ్చేయించుకుని ఎవరికి చెబుతున్నావే ఫ్లావియా? మన పెరట్లో పందులకా? సరే సరే, నవ్వకు, టీ ఒలికిపోతుంది. నిజానికి ఆ చొక్కా మా బొస్త్యావ్ మావయ్యకి ఉండాల్సింది. పాపం ఆయన కాలంలో ఇలాంటివి లేవు, ఉంటే అరడజను కొనుక్కునేవాడు. కొనుక్కుని, ఇక్కడ మాత్రం చచ్చినా వేసుకునేవాడు కాదు.

నీకు తెలీదులే, నువ్వు పుట్టడానికి పాతికేళ్ళ ముందే పోయాడు. మా అమ్మ తమ్ముడు. ఇంగ్లీషువాళ్ళ ఓడలో వంటవాడు. ముప్పై ఏళ్ళు ఓడల మీదే ఉన్నాడు. భార్య పియెదాద్ అత్తయ్య. పిల్లల్లేరు. ఆవిడ ఒక్కతే అంతింట్లో ఎలా ఉంటుందిలే అని మా అమ్మ నన్ను తోడుగా పంపింది, పదకొండో ఏట వెళ్ళినదాన్ని పెళ్ళయ్యేదాకా అక్కడే ఉన్నాను. తోడు అంటే ఏముందిలే, నా పని ఉత్తరాలు చదవడం. అత్తయ్యకి చదువు రాదు. మావయ్యేమో ప్రతి రేవు నుంచీ రాసేవాడు. అబ్బా, ఏం ఉత్తరాలే అవి! "పియెదాద్, ఇక్కడ సముద్రం ఉంది కానీ మన సముద్రంలా లేదు. ఇక్కడ కూడా చేపలున్నాయి, కానీ వాటికి తాము చేపలమన్న సంగతి తెలీదు. నిన్న కళ్ళు మూసుకుంటే నువ్వు కొబ్బరి రుబ్బుతున్న చప్పుడు వినిపించింది. మన ఊళ్ళో మనిషికి తొందర లేదు, మధ్యాహ్నం అన్నం తిని పడుకోవడం తెలిసిన మనుషులు, వీళ్ళకి నిద్ర విలువ తెలీదు." ఇలా నాలుగు పేజీలు. నేను చదువుతుంటే అత్తయ్య చేటలో బియ్యం ఏరుతున్నట్టే ఉండేది. ఒకే గింజని మూడుసార్లు ఏరేది. నేను చూడనట్టు ఊరుకునేదాన్ని.

ఇంతకీ ఏం చెబుతున్నానూ... ఆ. రెండేళ్ళకోసారి నాలుగు నెలల సెలవు మీద వచ్చేవాడు. దిగిన రోజు చూడాలి ఆయన్ని. పడవ దిగి రేవులోనే వంగి గుప్పెడు మట్టి తీసి జేబులో వేసుకునేవాడు. దారిలో కనబడ్డవాళ్ళందర్నీ కావిలించుకునేవాడు, తన పొలం గట్టు జరిపేసిన జుజె ఫిలిప్‌తో సహా. మొదటివారం అంతా పండగే. పొద్దున్న గంజి, ఉప్పు మామిడికాయ, మధ్యాహ్నం చేపల కూర, సాయంత్రం గుమ్మం ముందు అరుగు మీద కూచుని జీడిమామిడి సారా, అదే ఉర్రాక్, తాగుతూ దారినపోయే ప్రతివాణ్ణీ పిలిచి పోసేవాడు. "స్వర్గంరా ఇది. మీరంతా స్వర్గంలో ఉండి మీకే తెలీదురా" అనేవాడు. కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు కూడాను.

ఎనిమిదో రోజు మొదలయ్యేది. ఎనిమిదో, తొమ్మిదో. "ఏమే, రొట్టెలవాడు రాలేదా? ఏడున్నరైంది! ఓడలో ఆరింటికి రొట్టె బల్ల మీద ఉండాలి, లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది." ఆ తర్వాత మంగలి. మంగలి పాస్కు ఒంటిగంటకి కొట్టు మూసి నాలుగింటిదాకా పడుకునేవాడు. మావయ్య సగం గడ్డం గీయించుకున్నాడు, ఒంటిగంటైంది, పాస్కు కత్తి పెట్టెలో పెట్టేశాడు. "ఇంకో సగం?" అన్నాడు మావయ్య. "ఎక్కడికి పోతుందన్నా, సాయంత్రం గీస్తాలే" అన్నాడు పాస్కు. సగం గడ్డంతో ఊరంతా తిరిగి పాస్కుని తిట్టాడే! వచ్చి అత్తయ్యతో, "ఈ ఊరు బాగుపడదు పియెదాద్, దీన్ని సముద్రం ఎత్తుకుపోయినా సముద్రానికే నష్టం" అన్నాడు. అత్తయ్య నా వైపు తిరిగి, "తొమ్మిది రోజులొచ్చిందే ఈసారి. కిందటిసారి ఏడే" అంది.

బస్సు గొడవ చెప్పలేదు కదూ నీకు? మడగాం బస్సు. డ్రైవరు రుజార్ చేపలమ్మి కనబడితే బస్సాపి దిగి బేరమాడేవాడు. అందరికీ తెలిసిందే, అందరూ కిటికీల్లోంచి తలలు పెట్టి, "కొనకు రుజార్, కళ్ళు చూడు, నిన్నటివి" అని సలహాలు చెప్పేవాళ్ళం. మావయ్య లేచి నిలబడి, "ఏవయ్యా, ఇది బస్సా, నీ వంటిల్లా?" అన్నాడు. రుజార్ చేప తోక పట్టుకుని చూస్తూ, "వంటింటికి దారి ఇటేనన్నా" అన్నాడు. బస్సంతా నవ్వింది. మావయ్య దిగి అయిదు మైళ్ళు ఎండలో నడిచి వచ్చాడు. సెలవింకా నెల ఉండగానే ఓడ కంపెనీకి రాసి వెళ్ళిపోయాడు. ఆపైన చూడు, ఇరవై రోజులకి ఉత్తరం. "పియెదాద్, ఇక్కడ బస్సులు గంట ప్రకారం వస్తాయి, గంట ప్రకారం పోతాయి, లోపల ఒక్కడు మాట్లాడడు, శవపేటికలో కూచున్నట్టుంటుంది. రుజార్ కులాసానా? ఆ రోజు కొన్న చేప ఎలా ఉందిట?"

చూశావా! నేను చదివి పడీపడీ నవ్వాను. అత్తయ్య నవ్వలేదు. "నీకు తెలీదే క్వితేరియా, ఆయనకి ఊరంటే నిజంగానే ప్రేమ. నేనన్నా ప్రేమే. కాకపోతే ఓడ ఏడెన్ రేవు దాటాక మొదలవుతుంది" అంది.

సరే, చివరికి రిటైరయ్యాడు. ఊరంతా భయపడింది. ఇకమీదట నాలుగు నెలలు కాదుగా, చచ్చేదాకా ఇక్కడే! పద్నాలుగు నెలలున్నాడు. ఏం చెయ్యమంటావ్, అందరితోనూ తగాదాలే. పాద్రీ దగ్గరికెళ్ళి ప్రసంగం పది నిమిషాల్లో ముగించాలన్నాడు. ఆ ఆదివారం పాద్రీ ముప్పావుగంట మాట్లాడాడు, అదీ ఓర్పు గురించి. వానాకాలం పెంకులు కారితే గోవా వాననే తిట్టాడు, ఇంగ్లాండు వానకి మర్యాద ఉంటుందిట, చెప్పి కురుస్తుందిట. అత్తయ్య వంట సంగతి చెప్పక్కర్లేదు. రోజుకో వంక. కొబ్బరి ముదిరింది, పులుపు మించింది, చేప రెండు నిమిషాలు ఎక్కువ ఉడికింది. ఆవిడ మారుమాట్లాడకుండా వడ్డించేది. ఆయన మారువడ్డన పెట్టించుకుని మరీ తప్పులు పట్టేవాడు.

ఆ ఏడే బొంబాయిలో మా ఊరి కూడ్ చూసుకునే ముసలాయన పోయాడు. కూడ్ అంటే ఊరివాళ్ళందరూ కలిసి పెట్టుకున్న బస. ఓడ ఎక్కబోయేవాళ్ళూ దిగినవాళ్ళూ ఓ ట్రంకు పెట్టె పెట్టుకుని, చాప పరుచుకుని అక్కడే ఉండేవాళ్ళు. సాయంత్రం జపమాల తప్పనిసరి. ఆడవాళ్ళకి మాత్రం ప్రవేశం లేదు. "నేను వెళ్తాను" అన్నాడు మావయ్య. అత్తయ్య "వెళ్ళు" అంది. అంతే, అంత చిన్న మాట. ఆయన పెట్టె ఆవిడే సర్దింది.

వెళ్ళాడా, ఉత్తరం లేదు. నెల, రెండు నెలలు, ఆర్నెల్లు. లండన్ నుంచి రాసిన మనిషి, జపాన్ నుంచి రాసిన మనిషి, బొంబాయి నుంచి రాయడు! ఎవరో వస్తూపోతూ ఉంటే "కులాసాగా ఉన్నానని చెప్పు" అని కబురు. ఒక రాత్రి స్టీమరు ప్రయాణమేగా, ఉత్తరమెందుకని ఆయన ఉద్దేశం. పోస్టుమాన్ సైకిలు మా గుమ్మం ముందు ఆగకుండా పోతుంటే అత్తయ్య వీపు అటు పెట్టి గిన్నెలు తోముకునేది. ఒకరోజు ఉన్నట్టుండి, "బొంబాయిలో మంచి వెనిగర్ దొరకదుట. ఆయన కూరలెలా తింటున్నాడో. తీసుకెళ్ళి ఇచ్చొద్దాం పద" అంది. వెనిగర్ ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. కల్లు వెనిగర్ రెండు సీసాలు, పందిమాంసం చౌరీస్ దండ, ఎండు రొయ్యలు మూట కట్టుకుని ఇద్దరం స్టీమరెక్కాం. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. దారంతా నేను వాంతులు, ఆవిడ జపం.

ఆ కూడ్ మూడో అంతస్తులో. చెక్క మెట్లు, చీకటి, ప్రతి అంతస్తులోనూ ఏదో ఒక ఊరి కూడ్, ఒక్కోచోట ఒక్కో కూర వాసన. రెండున్నర అంతస్తులెక్కేసరికి మావయ్య గొంతు వినపడింది. పైన తలుపు తీసే ఉంది. లోపల ఓ పదిమంది ఉంటారేమో, వాళ్ళకి చెబుతున్నాడు. "మీరు తింటున్నది కూరా? మా పియెదాద్ చేస్తుంది కూర. కొబ్బరి రుబ్బేటప్పుడు ఆవిడ చెయ్యి చూడాలిరా, బోటు తెడ్డు వేసేవాడి చెయ్యిలా సాగుతుంది, ఆగదు, తొందరపడదు. ముప్పై ఏళ్ళు పెద్దపెద్ద దొరలకి వండాను, ఆ రుచి ఒక్కసారి తేలేకపోయాను. నేనెంత వాగినా ఒక్క మాట అనదు. చూపు చూస్తుంది. ఆ చూపుకి భయపడి ముప్పై ఏళ్ళు సముద్రం మీద తిరిగానురా." అందరూ నవ్వారు. ఎవడో అడిగాడు, "మరి ఇక్కడెందుకున్నావ్ మావా, ఇంటికి పోరాదూ?" అని. "పోతే ఏముంది" అన్నాడు మావయ్య. "పోతే మళ్ళీ తప్పులే కనబడతాయిరా. ఇక్కణ్ణుంచైతే అంతా సరిగ్గా కనబడుతుంది."

నేను పైకెళ్ళబోయాను. అత్తయ్య నా కొంగు... కాదు, అప్పుడు ఫ్రాకేగా, ఫ్రాకు పట్టుకుని లాగింది. మెట్టు మీద కూలబడింది. "మోకాళ్ళు" అంది. మోకాళ్ళు కాదూ ఏమీ కాదూ. "ఉండవే. నన్ను చూస్తే ఆపేస్తాడు" అంది గుసగుసగా. అలా ఎంతసేపు కూచున్నామో. మా పక్కనించే మనుషులు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఆవిడ ఒళ్ళో వెనిగర్ సీసాలు పెట్టుకుని, ముసుగు నోటికడ్డం పెట్టుకుని వింటోంది. ఆయన మా ఇంటి కప్పు గురించి చెప్పాడు, వాన పెంకుల మీద పడే చప్పుడు గురించి చెప్పాడు, పాస్కు అంత మంగలి బొంబాయి మొత్తంలో లేడని చెప్పాడు.

ఆయన అలిసిపోయి ఆపాక అప్పుడు దగ్గింది. మావయ్య బయటికొచ్చి చూశాడు. మొహం తెల్లబోయింది. ఒక్క క్షణమే. "నువ్వా? కబురు చెయ్యకుండా వస్తారా ఎవరైనా? ఏంటి, వెనిగరా? ఈ సీసాకి మూత ఇలాగేనా పెట్టడం, సగం కారిపోయి ఉంటుంది!" నాకు ఒళ్ళు మండింది. అత్తయ్య మాత్రం తీరిగ్గా లేచి, ఆయన చేతిలో సీసాలు పెట్టి, "ఉత్తరాలు రాయి" అంది. "బొంబాయి నుంచి ఉత్తరమేమిటే, ఒక్క రాత్రి ప్రయాణానికి!" అన్నాడు. "ఓడలో ఉన్నాననుకుని రాయి" అంది. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది. ఆయన సీసాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

రాశాడే! శనివారం శనివారం వచ్చేది ఉత్తరం. ఆరేళ్ళు. కవరు మీద బొంబాయి ముద్ర, లోపలేమో "ఇక్కడ సముద్రం మీద గాలి ఎక్కువగా ఉంది పియెదాద్" అని మొదలు. గాలి ఎక్కడిదీ, వీధిలో ట్రాముల గోల! అంత సుఖంగా కాపరం చేసినవాళ్ళని ఈ ఊళ్ళో నేను చూడలేదు. నీ తాతా నేనూ ఒకే ఇంట్లో ఉండి ఏం చేశాం, చెప్పు. ఏమిటీ? ట్రాములు అప్పటికి తీసేశారా? ఉంటే ఉన్నాయి, లేకపోతే లేవు. చెప్పేదాన్ని చెప్పనీ.

మావయ్యకి గుండె జబ్బు చేసింది తర్వాత. తీసుకొచ్చేశారు. మడగాం డాక్టరు చూసి, ఈ వానాకాలం గడిస్తే గొప్పే అన్నాడు. ఇంట్లో మంచం వేశాం. ఆ మంచం మీంచే అందర్నీ తిట్టేవాడు. డాక్టరుకి నాడి పట్టుకోవడం రాదు, దిండులో దూది కాదు రాళ్ళున్నాయి, చర్చి గంట మూడు నిమిషాలు ఆలస్యం. ఊరివాళ్ళకి అదో ఆనవాలైంది. పొద్దున్నే గుమ్మంలో నిలబడి అడిగేవాళ్ళు, "ఈవాళ ఎవర్ని తిట్టాడు?" "పాద్రీనీ, మునిసిపాలిటీనీ." "అయితే బావున్నాడు" అని వెళ్ళిపోయేవాళ్ళు. రుజార్ కూడా వచ్చి చూసి, "నన్ను అరగంట తిట్టాడమ్మా, పది రోజుల్లో లేచి తిరుగుతాడు" అని సంబరపడుతూ వెళ్ళాడు.

వానలు తగ్గాయి. పడవలు మళ్ళీ సముద్రంలోకి దిగాయి. ఆ ఏడాది మొదటి కానాగంత చేపలు వచ్చిన రోజది. నాకప్పటికి పెళ్ళయింది, చూడ్డానికి వచ్చాను. అత్తయ్య కూర వండి, అన్నంలో కలిపి, మంచం పక్కన స్టూలు వేసుకుని పెడుతోంది. నేను గుమ్మంలో ఉన్నాను. మావయ్య ఓ ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. "కూర బాగుంది పియెదాద్" అన్నాడు.

ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది. నా వైపు చూసి, "పరిగెత్తు. పాద్రీని పిలుచుకురా" అంది. నేను గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆవిడ మళ్ళీ ఆయన వైపు తిరిగింది. "పులుపెక్కువైంది కదూ? తొందరలో వేశాను. ఎక్కువైంది, నాకే తెలుస్తోంది" అంది. మావయ్య తల అడ్డంగా ఊపాడు. "కొబ్బరి ముదిరింది. చూడు, పీచు తగులుతోంది. అను. ఒక్కసారి అను" అంది. ముప్పై ఏళ్ళు నోరెత్తని మనిషి, బతిమాలుతోందే. ఆయన ఇంకా నములుతూనే ఉన్నాడు. ఆలోచించి చెబుతున్నట్టు, నెమ్మదిగా అన్నాడు, "లేదే. సరిగ్గా ఉంది."

...

మబ్బేసింది చూడు. వాకిట్లో మిరపకాయలున్నాయి. లే, చేట తీసుకెళ్ళు, తడిసిపోతాయి.