మరక దాటిన గీత

సూరత్‌లోని లింబాయత్‌లో ఒక గదిలో భార్యాభర్తలు కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. నిన్న చూసిన దొంగల సినిమా అతన్ని ఇంకా వదల్లేదు.

"సొమ్ము సంచి తీస్కపోయి పక్కింటోని మంచం కింద పెట్టిరి సూడు, నవ్వలేక సచ్చిన."

"ముసలిదొంగ తుమ్ము ఆపుకునేకాడ నేను గూడ నవ్విన."

"మరి బయటికొచ్చినంక ముఖం గట్ల పెట్టినవేంది?"

"పోలీసులు ఆ పక్కింటాయనను పట్కపోయిండ్రు. ఇంటర్వెల్ తర్వాత ఆయన ఏమైండో చెప్పనే లేదు. సినిమాల అదొక్కటి నచ్చలే."

"కామెడీల గవన్నీ చూపిస్తే ఎవడు నవ్వుతడే?"

"పొద్దుగాల నల్లాకాడ రాజమౌళన్న భార్య ఏడ్చింది. బట్ట మీద నూనె మరక పడ్డదని సేఠ్ అన్నను పనిలకెళ్లి తీసేసిండంట. ఆ మరక తన షిఫ్టుల పడలేదని అన్న ఒట్టు పెడుతుండట."

అతని చేతిలో కాయ ఆగిపోయింది. ఒకే మగ్గం మీద పగలు రాజమౌళి, రాత్రి అతను నేస్తారు. షిఫ్టు మారేటప్పుడు బట్ట మీద సుద్దతో గీసే గీతే ఎవరి నేత ఎక్కడిదాకో చెబుతుంది.

"మొన్న రాత్రి గీత నేనే చెరిపిన," అన్నాడు తల ఎత్తకుండా. "మరక దాటినంక మళ్ల గీసిన. నా పని పోతదని బుగులైంది."

"మరి నిన్న అంతగనం ఎట్ల నవ్వినవు?"

థియేటర్‌లో తన నవ్వు తనకే వినబడినట్టయి సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. లేచి, చెప్పులేసుకుని, గీత సంగతి చెప్పేందుకు సేఠ్ కార్ఖానా దారి పట్టాడు.