ఇంటికి ఒక్కటే

"ఇంకోసారి చెప్పమ్మా. నేనెవరు?"

"నా కొడుకువిరా. ఇంకెవరివి?"

"అబ్బా! అదే వద్దన్నది. లోపలికెళ్ళాక నేనెవరు?"

"లోపలికెళ్తే మారిపోతావేంట్రా?"

సూపర్ మార్కెట్ బయట, మిట్టమధ్యాహ్నపు ఎండలో, గోడవారగా నిలబడ్డ తల్లీ కొడుకుల మాటలివి. ఇద్దరి చేతుల్లోనూ పేపర్లోంచి కత్తిరించిన చెరో కూపన్ ఉంది.

"లోపలికెళ్ళాక నేనెవరో నీకు తెలీదు. నువ్వెవరో నాకు తెలీదు. ఆ కూపన్ మీద ఏం రాసుందో చదువు."

"కళ్ళజోడు తేలేదురా."

"నెత్తి మీదే ఉంది."

"ఓహో, ఇక్కడుందా. ఏదీ... 'వంటనూనె పెద్ద డబ్బా సగం ధరకే. ఇంటికి ఒక్కటే.'"

"అదీ సంగతి. ఇంటికి ఒక్కటే. మనకి రెండు కావాలి. కాబట్టి ఇవాళ మనం రెండిళ్ళ వాళ్ళం."

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు గానీ, నూనె డబ్బా కొనమన్నారేంట్రా?"

"పెళ్ళి ఒకసారి చేస్తే చాలు. నూనె రోజూ కావాలి. మెల్లగా మాట్లాడు, గోడలకి చెవులుంటాయి."

"ఈ గోడకా? సున్నానికే దిక్కు లేదు, చెవులెక్కణ్ణించి వస్తాయి?"

"అమ్మా!"

"సరేలే. అసలు రెండెందుకురా మనకి?"

"చవగ్గా ఉన్నప్పుడు కొనిపెట్టుకోవాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని నువ్వే కదా చెప్తావు."

"నేను చెప్పినవన్నీ నూనె దగ్గరే గుర్తొస్తాయి నీకు. కోడలికి చెప్పావా, నన్ను తీసుకొస్తున్నట్టు?"

"చెప్పలేదు."

"ఏం?"

"ఒప్పుకోదు. మొన్న పక్క వీధిలో ఎవరింటి గేటో తీస్తూ నిలబడ్డావు కదా. అప్పట్నించీ నిన్ను గుమ్మం దాటించొద్దంటోంది. మళ్ళీ డాక్టరుకి చూపించమని నా ప్రాణం తీస్తోంది."

"గేట్లన్నిటికీ ఒకే రంగేస్తే ఎవరైనా అంతే."

"నేనూ అదే అన్నాను. ఆ వయసులో మతిమరుపు ఎవరికుండదన్నాను. వచ్చే నెల చూద్దాంలే. ముందు ఈ నూనె సంగతి కానీ."

"ఏం నూనె?"

"అమ్మా..."

"తమాషాకన్నాను లేరా. మొహం అలా పెట్టకు. చెప్పు, ఏం చెయ్యాలి?"

"గుమ్మం దగ్గర గార్డు ఉంటాడు. గట్టివాడట. 'వెనకాల ఉన్నది మీ అబ్బాయా' అని అడుగుతాడు. అడిగితే?"

"నాకసలు కొడుకులే లేరంటాను."

"అలా అనకు. వినడానికి అదోలా ఉంది. 'మా అబ్బాయి ఉన్నాడు గానీ ఇక్కడ లేడు' అను."

"మా అబ్బాయి ఉన్నాడు గానీ ఇక్కడ లేడు."

"ఎవరైనా వచ్చి నేనే నీ కొడుకునంటే?"

"నమ్మను."

"నేనే వచ్చి అమ్మా అని పిలిస్తే?"

"పలకను."

"ఒట్టు?"

"ఒట్టురా. అబద్ధం చెప్పినా అతికినట్టు ఉండాలనేవారు మీ నాన్న. చూడు, ఎలా అతికిస్తానో."

"ఒరే అనకూడదు. బండోడా అని అసలు పిలవకూడదు. బాబూ అనాలి. మీరు అనాలి."

"నిన్ను మీరు అనాలా? నీ ముక్కు తుడిచిన ఈ చేత్తో నీకు దణ్ణం కూడా పెట్టమంటావా?"

"ఒక్క పూట భరించమ్మా. బయటికి రాగానే కావాలంటే వెయ్యిసార్లు ఒరే అను."

"నువ్వు నన్నేమంటావు మరి?"

"మామ్మగారూ అంటాను."

"అంత ముసలిదాన్నైపోయానా?"

"ఇంకో మాట దొరకలేదే! పద. నీ వెనకే ఉంటాను, భయపడకు."

"నాకేం భయం? భయమంతా నీ మొహంలోనే ఉంది."

గుమ్మం లోపల, పేర్చిన నూనె డబ్బాల పక్కన నిలబడి, గార్డు కూపన్లనీ, వాటిని పట్టుకొచ్చిన మొహాలనీ ఒకే చూపుతో తూకం వేస్తున్నాడు.

"ఒక్కొక్కరే రండి! ఇంటికి ఒక్కటే! మామ్మగారూ, మీతో ఎవరొచ్చారు?"

"మా అబ్బాయి ఉన్నాడు గానీ ఇక్కడ లేడు."

"మరి ఇంత బరువు ఎలా మోసుకెళ్తారు?"

"మోసేవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారులే నాయనా. లోకం ఇంకా గొడ్డుపోలేదు."

"మీ వెనకాలాయన ఎవరు?"

"ఎవరో."

"ఏమండీ, మిమ్మల్నే. ఈవిడ మీకు తెలుసా?"

"తెలీదండీ."

"ఇద్దరి ముక్కూ ఒకలాగే ఉందే?"

"లైన్లో నిలబడి నిలబడి అందరి ముక్కులూ ఒకలాగే అయిపోయాయండీ."

"హాస్యాలొద్దు. పొద్దున్న ఒక మొగుడూ పెళ్ళాం ఇలాగే 'ఎవరో తెలీద'ని లోపలికెళ్ళారు. సబ్బుల దగ్గర పోట్లాడుకుని దొరికిపోయారు."

"మేం పోట్లాడుకోవట్లేదు కదండీ."

"మేమా?"

"అంటే... నేనూ, ఆవిడా. ఎవరికి వాళ్ళమే."

"సరే, నడవండి. ఆ పెద్దావిడ డబ్బా కాస్త అందుకోండి, పుణ్యముంటుంది."

"అలాగేనండీ. ఇలా ఇవ్వండి మామ్మగారూ."

"చల్లగా ఉండు నాయనా... ఉండండి బాబూ. మీకు అమ్మ ఉందా?"

"ఉందండీ."

"బాగా చూసుకుంటున్నారా?"

"చూసుకుంటున్నాననే అనుకుంటున్నానండీ."

"చూసుకోండి. మా అబ్బాయికి నేనంటే ప్రాణం. బండోడా అని పిలుస్తాను. చిన్నప్పుడు వాణ్ణి ఎత్తుకుంటే నా నడుం విరిగేది. ఇప్పుడా ఒళ్ళు ఏమైపోయిందో."

"పెద్దయ్యాక ఎవరైనా చిక్కుతారు లెండి."

"తినకపోతే చిక్కరూ? ప్రింటింగ్ ప్రెస్సులో పని వాడిది. సగం జీతమే ఇస్తున్నారు. నాకు తెలీదనుకుంటాడు, వెర్రివెధవ. రాత్రి అన్నం దగ్గర 'ప్రెస్సులో తినేసొచ్చానమ్మా' అంటాడు. తిన్న మొహమేదో, తినని మొహమేదో కన్నదానికి తెలీదా?"

"మామ్మగారూ... ఇక్కడ అవన్నీ ఎందుకండీ?"

"అందుకే నేనూ ఒక ఉపాయం చేశాను. ఎవరితోనూ అనకండి."

"ఏం చేశారు?"

"డాక్టరు నాకు తలకి మాత్రలిచ్చాడు. ఒకటి విరిచి రెండు రోజులు వేసుకుంటున్నాను. చీటీకి తెచ్చిన మాత్రలు రెండింతల రోజులు వస్తున్నాయి. వాడికి ఖర్చు తగ్గింది."

"అమ్మా! ఎప్పట్నించీ?"

"ఎవరండీ మీకు అమ్మ? మామ్మగారూ అనండి."

"ఇది నాటకం టైమ్ కాదు. విరిచి వేసుకోవడమేంటి? ఎప్పట్నించి చేస్తున్నావీ పని?"

"ఏంటక్కడ? ఎవరు అమ్మా అన్నది?"

"నేనేనండీ, గార్డుగారూ. పెద్దావిడ కదా అని అమ్మా అన్నాను. అంతే."

"ఆవిడెవరో తెలీదన్నారు?"

"తెలీదు. చెప్పాను కదండీ, తెలీదు."

"మామ్మగారూ, మీకు?"

"ఎవరో మంచబ్బాయి. నాకు తెలీదు నాయనా."

బిల్లులు కట్టడం అయింది. గార్డే ఇప్పుడు బయటి గుమ్మం దగ్గర బిల్లుల మీద ముద్రలు కొడుతున్నాడు. ఎవరి డబ్బా వాళ్ళ చేతుల్లో, రెండూ ఆ ముద్ర దాటి ఎండలోకి వచ్చాయి.

"హమ్మయ్య! గట్టెక్కామమ్మా. ఆ డబ్బా కింద పెట్టు, నేను పట్టుకుంటాను. ముందు ఆ మాత్రల సంగతి చెప్పు."

"ఏం మాత్రలు బాబూ?"

"ఇక చాల్లే, బయటికొచ్చేశాం. ఏం నటించావమ్మా తల్లీ! ఆ గార్డు నోరు మూతపడిపోయింది. ఇటివ్వు."

"వద్దు బాబూ, ఇది మాది. మీది మీ చేతిలోనే ఉంది కదా."

"నవ్వించకు. ఆటో వస్తోంది, రా."

"మీరెళ్ళండి. నేను మా అబ్బాయి కోసం చూస్తున్నాను."

"అమ్మా. అయిపోయింది. నాటకం అయిపోయింది."

"నా చెయ్యి వదలండి."

"అమ్మా! ఇటు చూడు. నా మొహం చూడు. నేనెవరు?"

"లోపల డబ్బా అందుకున్నారు. మంచివారే. కానీ చెయ్యి పట్టుకోవడం ఏం మర్యాద బాబూ?"

"బండోణ్ణమ్మా. నీ బండోణ్ణి."

"ఆ పేరు నేనే కదా మీకు ఇందాక చెప్పాను."

"ఏంటి మామ్మగారూ? ఏం జరుగుతోంది? ఈయన మిమ్మల్ని ఏమైనా అన్నాడా?"

"డబ్బా ఇమ్మంటున్నాడు నాయనా. ఆటో ఎక్కమంటున్నాడు."

"ఏమయ్యా! పెద్దావిడ ఒంటరిగా ఉందని చూసి వెంటపడ్డావా?"

"మా అమ్మండీ! ఈవిడ మా అమ్మ!"

"ఇందాక తెలీదన్నావు. ఒకసారి కాదు, రెండుసార్లు అన్నావు. నా చెవులతో విన్నాను."

"అబద్ధం చెప్పానండీ. రెండో డబ్బా కోసం చెప్పాను. కావాలంటే రెండూ తీసేసుకోండి, డబ్బులు కూడా వద్దు. మా అమ్మని నాకిచ్చెయ్యండి చాలు."

"మామ్మగారూ, ఈయన మీ అబ్బాయా?"

"మా అబ్బాయి ఉన్నాడు గానీ ఇక్కడ లేడు."

"అది నేను నేర్పిన మాటండీ! ఆ గోడ దగ్గర నిలబెట్టి నేనే చెప్పించాను!"

"ఎవరొచ్చి కొడుకునన్నా నమ్మొద్దని మావాడు మరీ మరీ చెప్పాడు. అమ్మా అన్నా పలకొద్దన్నాడు. నాతో ఒట్టు కూడా వేయించుకున్నాడు. వాడి మాట నేనెప్పుడూ తీసెయ్యను."

"అమ్మా, ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. నేనే చెప్తున్నాను కదా. ఒక్కసారి ఒరే అను. ఒక్కసారి."

"ఇంత పెద్దవారిని ఒరే అంటామా బాబూ? తప్పు కదూ?"

"ఇంట్లో ఎవరైనా ఉంటే ఫోన్ కలపవయ్యా. వాళ్ళతో మాట్లాడితే తేలిపోతుంది."

"మా ఆవిడ షిఫ్టులో ఉందండీ. ఫోన్లు బయటే పెట్టించేస్తారు. మోగుతుంది, ఎత్తదు... చూడండి, ఎత్తట్లేదు."

"ఫోటో అయినా ఉందా?"

"ఉంది, ఉంది. ఇదిగో. నేనూ, మా ఆవిడా, మధ్యలో అమ్మ."

"అవును... ఈవిడే. మామ్మగారూ, ఇది చూడండి. ఈయన పక్కన కూర్చున్నది మీరే కదా?"

"ఏదీ? కళ్ళజోడు తేలేదు నాయనా."

"మీ నెత్తి మీదే ఉందండీ."

"ఓహో, ఇక్కడుందా. ఏదీ... ఈ ముసలావిడ ఎవరు?"

"సార్. సార్, మిమ్మల్నే. నాకు తెలీక నోరు జారాను. మీరు ముందిలా కూర్చోండి. కుర్చీ తెస్తాను, నీళ్ళు తెస్తాను. ఆవిణ్ణి ఎక్కడికీ పోనివ్వను."

"వచ్చే నెల చూపిద్దామన్నానండీ. నూనె సంగతి ముందు చూద్దామన్నాను."

"ఊరుకోండి సార్. ఒక్కోసారి కాసేపటికి గుర్తొస్తుందంటారు."

"రాకపోతే? రాకపోతే ఏం చెయ్యాలండీ? నేనేమని పిలవాలి?"

"పాపం, ఆయన్నేమీ అనకు నాయనా. ఎలా ఏడుస్తున్నాడో చూడు. వాళ్ళమ్మ ఎక్కడో తప్పిపోయినట్టుంది. ఊరుకోండి బాబూ, ఇలా నీడలోకి రండి. మా అబ్బాయి ఇప్పుడే వచ్చేస్తాడు. వాడితో చెప్పి వెతికిద్దాం."