చర్చి కట్టినాయనకు చోటు

ముసలి ఆర్కిటెక్టు తాను కట్టిన పల్లెటూరి చర్చి ముందు ఒక్కడే నిలబడ్డాడు. సమాధులు తవ్వే ముసలాయన పార ఆపాడు.

“ఏం దొరగారూ, కప్పు కారుతోందేమో చూడ్డానికొచ్చారా?”

“కాదయ్యా. నేను పోయాక ఆ గోడ పక్కన పూడుస్తారా అని.”

“అది ఈ ఊరివాళ్లకేనండి. తమరిది లండన్ కదా.”

“చర్చీ, బడీ రెండూ నేనే కట్టాను.”

“కట్టారు. ఒక్క రాత్రైనా ఇక్కడ పడుకున్నారా? సాయంత్రానికల్లా రైలెక్కేసేవారు.”

“లండన్‌లో నాకెవరూ లేరయ్యా.”

“ఇక్కడ మాత్రం ఎవరున్నారండీ?”

“గోడలైనా తెలిసినవి ఉంటాయని.”

ముసలాయన పారకంటిన మట్టి గీకాడు.

“ఈ ఊళ్లో ప్రాణం పోతే మాత్రం ఎక్కడివాడైనా ఇక్కడే పూడ్చాలండి. చీపుర్లమ్ముకోవడానికొచ్చి పోయినాయన అదిగో, అక్కడున్నాడు.”

ఆర్కిటెక్టు టోపీ సర్దుకున్నాడు.

“ఇక్కడ గది అద్దెకెవరిస్తారయ్యా?”