అత్తగారి పేరు మీద ఏడు రోజులు

కొత్తపేటలోని ఫోటో స్టూడియోకి మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన భార్య, కంప్యూటర్‌లో తన తల్లి పేరు చూసి ఆగిపోయింది. భర్తకి దాచే టైమ్ దొరకలేదు.

“మా అమ్మకి మెయిల్ ఐడీ ఎందుకండీ?”

“ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్, ఒక్కో మెయిల్ ఐడీకి ఏడు రోజులు ఫ్రీ. నా పేరు, నీ పేరు, మీ అన్నయ్య పేరు అయిపోయాయి. నిన్నటి నుంచి మీ అమ్మ పేరు.”

“ఈ తెలివి చదువుకునేటప్పుడు ఏమైంది?”

“అప్పుడూ ఇంతే. ఏ గైడు కొనాలో తేల్చుకునేలోపే పరీక్షలు అయిపోయాయి.”

“ఒక్కసారి డబ్బు కడితే మనదైపోయేది ఉందన్నారుగా?”

“ఉంది. ఇంకోటి నెలనెలా కట్టేది. మూడేళ్లు వాడితే కొనుక్కున్నదే చవక.”

“మరింకేం, కొనెయ్యండి.”

“నెలనెలా కట్టేదే తీసుకుంటాలే.”

“అదేం లెక్క?”

ఫోటో దిగేవాళ్ల కోసం వేసిన స్టూలు వైపు చూశాడాయన. పొద్దున్నుంచీ దానిమీద ఎవరూ కూర్చోలేదు.

“కొనాలంటే ఈ షాపు ఇంకో మూడేళ్లు ఉంటుందని నమ్మాలి. నెలనెలా కట్టేదైతే వచ్చే నెల దాకా నమ్మితే చాలు. నా ధైర్యం అంతవరకే.”

ఆవిడ క్యారియర్ పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, వెళ్లి ఆ స్టూలు మీద కూర్చుంది.

“తియ్యండి. అమ్మ పేరు మీద ఇంకా ఆరు రోజులు ఉన్నాయిగా.”